బంతి నారుకి దువా

ఉరుసు పండగకి రెండు నెలలే ఉంది. దర్గా వెనక మళ్ళలో బంతి నారు చచ్చిపోతోంది. ఆకుల మీద నల్లటి మచ్చలు, మచ్చ చుట్టూ పసుప్పచ్చ అంచు. మొన్న ఒక మూలే కనిపించింది. ఇవాళ్టికి సగం మడికి పాకింది.

తోటపని చేసే దస్తగిరి తిన్నగా దర్గా పెద్ద కరీముల్లా బాబా దగ్గరికెళ్ళాడు.

“బాబా, ఈ తెగులు జైనబీ అవ్వ వల్లే. ఆమె మడి, నా మడి పక్కపక్కనే. నీళ్ళు పోసి పోతుంది, మళ్ళీ మొక్క మొహం చూడదు. అడిగితే, ‘నీళ్ళు నేను పోస్తా, పెంచేది అల్లా. మధ్యలో తడిమేదానికి నేనెవర్ని?’ అని నవ్వుతుంది. నేనట్లా కాదు. తెల్లవారుజామున ఫజర్ నమాజ్ కాగానే ఒక్కో మొక్కనీ ఆకు పట్టుకుని దువా చదువుతా. పోనీలే అని ఆమె మొక్కలక్కూడా చదువుతున్నా. ఆమెని తోట పని మాన్పించండి.”

ఆ పని పోతే జైనబీకి పూట గడవదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“రేపు చెప్తాలే. పొద్దున నీ దువా మాత్రం మానకు” అన్నాడు బాబా.

తెల్లారి ఇంకా మసకచీకటి. ఆకులన్నీ మంచుతో తడిసున్నాయి. దస్తగిరి ఎప్పట్లాగే తెగులు మూల నుంచి మొదలుపెట్టి, ఒక్క మొక్కనీ వదలకుండా రెండు మళ్ళూ పూర్తి చేశాడు.

ఎండ పడింది. కడవతో వచ్చిన జైనబీ ఆగిపోయింది.

“ఇదేంది నాయనా, నారుకి నీలిమందు పెట్టినావా?”

ఆకుల మీద నీలం వేలిముద్రలు. మూలన చిక్కగా ఉన్నాయి. పోనుపోను పల్చబడుతూ, జైనబీ మడి చివరిదాకా ఉన్నాయి.

దస్తగిరి చేతులు చూసుకున్నాడు. వేళ్ళన్నీ నీలం.

వెనక నుంచి బాబా అన్నాడు. “నిన్న సాయంత్రం నీలిమందు పూసింది నేనే. మూలనున్న ఆ జబ్బు మొక్కకి. ఆ ఒక్కదానికే.”

దస్తగిరి మడిలోకి దిగాడు. మచ్చలున్న మొక్కలన్నీ పీకి, దూరంగా తీసుకెళ్ళి తగలబెట్టాడు. బావి దగ్గర మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నాడు. తర్వాత జైనబీ చంకలో కడవ అందుకుని నీళ్ళకెళ్ళాడు.

మర్నాడు మళ్ళీ మంచు. దస్తగిరి మడి గట్టు మీద కూచున్నాడు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

“ఏందయ్యా, చలేస్తోందా?” అంది జైనబీ.

అటుగా పోతున్న బాబా నడక ఆపలేదు.

“చదువుకో బేటా. అక్కణ్ణించి కూడా అందుతుంది.”