తోటలక్ష్మి నోటికందని దానిమ్మలు

అక్షతలు చేత పట్టి, పిల్లలను కదలక కూర్చుండబెట్టి ఈ కథ వినవలెను.

పూర్వము తృణకేతు మహర్షి ఫలాశన మునిని చూచి, పూత నిలిచి, పిందె కట్టి, తీరా కోయు వేళకు కాయ కుళ్లిపోవు తోటలకు ఏ వ్రతము గతియని అడిగెను. ఫలాశనుడు ఇట్లు చెప్పెను.

పినాకినీ తీరమున మల్లరసు అను రైతునకు దానిమ్మ తోట గలదు. అతని భార్య తిప్పాంబ మిక్కిలి భక్తురాలు, అంతకు మించి భయస్థురాలు. కూతురు తుమ్మినను ఆమె గుండె జారిపోవును. తోటలో తూర్పు మూల చెట్టును వారు తోటలక్ష్మికి విడిచిరి. దానిని చేయి గాని కత్తి గాని తాకరాదని కట్టడి. కాయలు కొమ్మ మీదనే నల్లబడి, ఎండి వేలాడుచుండెను.

ఒక యేడు ముసురు పట్టెను. ఆ చెట్టు పక్క వరుసలో కాయలపై మచ్చలు లేచి, కుళ్లి రాలెను. అమ్మకు కోపము వచ్చినదని తిప్పాంబ తలచి, ఆ వరుస మొత్తమును అమ్మకే విడిచెను. మరుయేడు ఆపై వరుస కుళ్లెను, దానినీ విడిచెను. ఇట్లు విడువగా విడువగా పడమటి గట్టు చెట్లు మాత్రము మిగిలెను.

“ఇంకేం మిగిలిందే ఇచ్చేదానికి, నన్ను తప్ప” అని మల్లరసు ఎత్తిపొడిచెను. రేపు బిడ్డకు గంజి అయినా పోయగలనా అని ఆమె కుమిలిపోయెను.

అంతట ఒక ముదుసలి గంప నెత్తిన పెట్టుకొని వచ్చి, ఆకలిగా నున్నది, తూర్పు చెట్టు కాయ యొకటి కోసి యిమ్మనెను.

“అవి అమ్మవారివి అవ్వా. ముట్టుకుంటే నా బిడ్డకేమవుతుందో.”

“ముట్టకుంటే ఏమైందో చూస్తివి గదా తల్లీ. ఇన్నేండ్లలో ఒక్క కాయన్నా నా నోటికి అందలేదు. కుళ్లినాక నా మొగం ముందర వేలాడదీస్తివి. నీ కూతురికీ ఇట్లనే పెడతావా?”

తిప్పాంబ తలెత్తి చూచెను. ముదుసలి పాదములు నేలను తాకలేదు. ఎండిన కాయలన్నియు ఆమె వైపు తిరిగి దీపములవలె వెలిగి, మరల నల్లబడెను. తోటలో ఆకు కదలలేదు. తిప్పాంబ సాష్టాంగపడెను.

దేవి వ్రతవిధానము చెప్పెను. తొలకరికి ముందు శుక్రవారమున, కొమ్మ మీద ఎండిన కాయలను, కింద రాలిన వానిని ఏరి, తోటకు దూరముగా గొయ్యి తీసి, సున్నము చల్లి పూడ్చవలెను, కాలువలో వేయరాదు. కొమ్మల నడుమ ఎండ దిగునట్లు కత్తిరించి, చెట్టు చెట్టుకు కత్తిని నిప్పున కాచవలెను. తెగులునకు మందగు నీలి మైలుతుత్తమును, సున్నమును వేరువేరు మట్టికుండలలో నీట కలిపి, పిమ్మట ఒకటి చేసి చెట్లపై చిలకరింపవలెను. ఇట్లు చెప్పి మాయమయ్యెను.

తిప్పాంబ మొదటి కాయను తాకుచు కన్నులు మూసుకొని, కూతురు కెవ్వుమనునేమోనని చెవి యొగ్గెను. పాప గట్టు మీద చీమలతో ఆడుకొనుచునే యుండెను. అప్పుడు రెండవ కాయ తీసెను.

ఆ పంటకు కాయ నిలిచెను. తరువాతి యేడు మల్లరసు, “పంట బాగుంది గదా, ఈ తూరి వద్దులే” అని మానిపించగా, ముసురు పట్టినంతనే మచ్చలు లేచెను. దంపతులు వానలోనే పరుగెత్తి ఏరి పూడ్చిరి. కుళ్లినవి పోయెను, పక్కవి దక్కెను. తూర్పు చెట్టు తొలి కాయను నిగనిగలాడుచుండగానే కోసి, ఒలిచి నివేదించిరి. పళ్లెములో గింజలు ఒకటొకటిగా తరుగుట చూచి, చేతులు జోడించి నిలిచిపోయిరి.

ఈ వ్రతమును తోట గలవారు, కౌలుకు చేయువారు, పెరట ఒక్క చెట్టున్నవారు చేయవలెను. మొక్కిన చెట్టని ముట్టక విడిచినవారు ముందుగా చేయవలెను. బిడ్డకేమగునోనని బెంగపడు తల్లులు తప్పక చేయవలెను. బెంగ తీరునని దేవి మాట ఇయ్యలేదు. చేసినవారి తోటలో ఎండ దిగును, కాయ నిలుచును, అమ్మ నోటికి అందును. అక్షతలు శిరసున ధరించి, ప్రసాదము తినక ముందే లేచి, చెట్టు కింద రాలిన కాయ నొకదానిని ప్రతి ఒక్కరును ఎత్తి గోతిలో వేసి రావలెను.