సముద్రం వైపు తలుపు

తాను చేసిన పనిని ఎవరూ మెచ్చుకోవడం లేదన్నదే ఖాసిం బాధ.

అతని గురువు నూరుల్లా పీరు ఆశ్రమం సముద్రానికి ఎదురుగా, ఇసుకదిబ్బ మీద ఉండేది. సముద్రం వైపు తలుపు ఏళ్ల తరబడి సరిగ్గా పడేది కాదు. అది బరువుకు కుంగిపోవడంతో గడియ తన తొర్రలోకి వెళ్లేది కాదు. కాస్త గాలి వీస్తే చాలు, దబదబా కొట్టుకునేది. వచ్చిన ప్రతివాళ్లూ, "ఈ తలుపు సంగతి చూడండి హజ్రత్" అని గొణిగేవాళ్లు.

ఆ సంగతి ఖాసిం చూశాడు. మడతబందులు విప్పి, తలుపును పైకెత్తి మళ్లీ బిగించాడు. ఒరుసుకునే అంచుకు చిత్రిక పట్టాడు. ఇప్పుడు వేలితో తోస్తే చాలు, తలుపు మెత్తగా వెళ్లి గుమ్మంలో ఒదిగిపోతుంది. 'పడవలు కట్టే వంశం మాది, ఊరికే పోతుందా!' అనుకున్నాడు.

ఇక ఆ తలుపు దగ్గరే తచ్చాడాడు. జనం వచ్చారు, కూర్చున్నారు, వెళ్లారు. ఒక్కరూ దాని మాట ఎత్తలేదు.

ఉండబట్టలేక గురువునే అడిగాడు. "తలుపు ఎలా ఉంది హజ్రత్?"

పీరు బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. "ఏ తలుపు?" అన్నాడు.

ఖాసిం మొహం మాడిపోయింది. మర్నాడు ఎవరూ లేనప్పుడు పైబందు మరలు వదులు చేశాడు. మళ్లీ కొట్టుకుంటే అందరికీ తనే గుర్తొస్తాడు కదా!

మధ్యాహ్నానికి గాలివాన పట్టుకుంది. జాలరిపేట నుంచి నూకాలు చంటిపిల్లాణ్ణి కొంగులో చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఒళ్లు కాలిపోతోంది బాబా. ఈడికి కంటిమీద కునుకు లేదు, నాకూ లేదు. ఇల్లు చూస్తే కారిపోతోంది."

పీరు చాప పరిచాడు. తల్లి జోకొట్టగా జోకొట్టగా పిల్లాడు రెప్ప వాల్చాడు. అంతలో తలుపు దభీమంది. పిల్లాడు ఉలిక్కిపడి గుక్కపట్టాడు.

పీరు లేచాడు. ఖాసిం వైపు చూడలేదు. తలుపు మూసి, దానికి వీపు ఆనించి నేలమీద కూర్చున్నాడు. సందులోంచి జల్లు కొట్టి ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గాలి తోసినప్పుడల్లా ఆ ముసలి భుజాలు అదురుతున్నాయి. ఆయన కదల్లేదు. పిల్లాడు నెమ్మదిగా సద్దుమణిగాడు.

ఖాసిం పనిముట్లు తెచ్చుకుని దగ్గరికొచ్చాడు.

"కాస్త జరగండి హజ్రత్."

"నేను జరిగితే పిల్లాడు లేస్తాడు. ఇలాగే బిగించు."

గురువు తల మీదుగా చేతులు చాచి, చప్పుడు కాకుండా తలుపు ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క మరనూ బిగించాడు ఖాసిం. గడియ తొర్రలో పడింది. పీరు మెల్లగా వీపు తీశాడు. తలుపు కదల్లేదు.

సాయంత్రానికి వాన వెలిసింది. నూకాలు కళ్లు నులుముకుంటూ లేచింది.

"అయ్యో, నేనూ పడుకుండిపోయానే! గాలి ఎప్పుడు తగ్గింది బాబా?"

"ఖాసింని అడుగు" అన్నాడు పీరు, చొక్కా పిండుకుంటూ.

ఖాసిం వంగి పిల్లాడి నుదురు తాకి చూశాడు. చెమట పట్టి చల్లగా ఉంది.

నూకాలు పిల్లాణ్ణి భుజాన వేసుకుని బయటికి నడిచింది. వెళుతూ వెళుతూ, చూడకుండానే తలుపు వెనక్కి లాగింది. అది చప్పుడు లేకుండా పడింది.

ఖాసిం గుండె నిండిపోయింది.