ఉప్పు గురవయ్య కొడుకు

పొన్నికోటను ఏలే గోవిందభూపతికి ఆ ఏడు ఒకటే పట్టుదల. ఎలమంద తండ్రి ఎవరో తేలాలి.

ఎలమంద పొన్నికోటవాడు కాడు, ఏ ఊరివాడూ కాడు. ఆస్థానంలో కథలు చెప్పే పేరమ్మ ఎనిమిది నెలలుగా రోజూ మధ్యాహ్నం చెబుతున్న కథలో నాయకుడు. రెక్కల ఏనుగెక్కి ఏడు దీవులు తిరుగుతుంటాడు. తండ్రి ఎవరో అతనికే తెలియదు.

సభకు మాత్రం తెలుసు. సేనాపతి అతన్ని రాక్షసుడి కొడుకన్నాడు. పురోహితుడు సూర్యుడి కొడుకన్నాడు. ఆ మాట మీద ఇద్దరికీ నెల రోజులుగా పలకరింపుల్లేవు. ఆస్థాన పండితుడు కొండుభట్టు వీళ్ళందరినీ మించిపోయాడు. ఎలమంద నాగదీవి మహారాజు దాచిపెట్టిన పెద్దకొడుకని నిరూపిస్తూ మూడు వందల తాటాకుల గ్రంథం రాశాడు.

ఒకనాటి మధ్యాహ్నం పేరమ్మ ఆ సంగతి కాస్తా చెప్పేసింది. ఎలమంద ఉప్పు అమ్ముకునే గురవయ్య కొడుకు. అంతే చెప్పి, తంబురా సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

సభ నొచ్చుకుంది. అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది భట్టు.

"ఆవిడకు తన కథే తెలియదు ప్రభూ" అన్నాడు.

రాజుకూ ఆ తండ్రి నచ్చలేదు. "రేపు సభలో తేల్చుకోండి. భట్టు నెగ్గితే పేరమ్మ కొలువు పోతుంది, మిగతా కథ భట్టే చెబుతాడు. పేరమ్మ నెగ్గితే నా చేతి కంకణం ఆమెది" అన్నాడు.

పేరమ్మకు అరవై దాటాయి. ఆ కొలువు తప్ప మరో ఆధారం లేదు.

మర్నాడు భట్టు గ్రంథాన్ని ఇద్దరు భటులు మోసుకొచ్చారు. భట్టు తలపాగా చెవుల మీదికి లాక్కుని మొదలుపెట్టాడు.

"నాగదీవి రాజుకు ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ. ఎలమందకూ అక్కడే మచ్చ. అవునా, కాదా?"

"అవును బాబూ."

"ఊరికే పెట్టావా మరి?"

"చెవి బోసిగా ఉందని పెట్టాను."

"నాగదీవి రాజు కాకరకాయ తినడు. ఎలమందా తినడు."

"మా వీధిలో పదిమంది తినరు భట్టుగారూ."

"చూశారా ప్రభూ, జవాబు లేదు" అన్నాడు భట్టు. సభ తలలూపింది. రాజు కూడా ఊపాడు. పేరమ్మ తంబురా సంచి దగ్గరికి లాక్కుంది.

అప్పుడు రాజుగారికి తాంబూలం అందించే సింగన్న, వెండి పళ్ళెం పట్టుకుని ముందుకొచ్చాడు.

"భట్టుగారూ, మీ పద్ధతి నాకు బాగా నచ్చింది. మన కోటలోనే ఒకాయన ఉన్నాడు. ఆయన పుట్టుక కూడా మీరే తేల్చాలి."

"లక్షణాలు చెప్పరా."

"ఏలినవారి నాన్నగారికి ఎడమ చెవి వెనక మచ్చ ఉండేది. ఈయనకూ ఉంది."

"ఊఁ."

"పెద్ద ప్రభువులు సున్నం రాసిన ఆకు ముట్టేవారు కాదు, నోరు పొక్కుతుందని. ఈయనా ముట్టడు. ఈయన తండ్రిని కోటలో చూసినవాడు ఒక్కడూ లేడు. కాశీలో ఉండేవాడని ఈయన చెబుతాడు, మనం వింటాం."

వాదంలోకి దిగితే భట్టుకు తన మొహం కూడా గుర్తుండదు. "ఇంకేం కావాలి? రాజరక్తమే. పెద్ద ప్రభువులు దాచిన కొడుకు."

"ఏలినవారికంటే ఆరేళ్ళు పెద్ద."

"అయితే సింహాసనం అతనిదే. శాస్త్రం మొహమాటపడదు."

రాజు మెల్లగా నిటారుగా కూర్చున్నాడు.

పొన్నికోట సభలో ఒక ఆచారం ఉంది. తీర్పు చెప్పినవాడు రాజు ఎదుట తాంబూలం వేసుకోవాలి. వేసుకుంటే ఆ మాట ఖాయం. సింగన్న తమలపాకు తీసి తుడిచాడు. సున్నం కాయలో వేలు ముంచాడు.

"సున్నం రాయకురా, నాకు పడదని తెలుసుగా" అన్నాడు భట్టు.

సభంతా భట్టు వైపు తిరిగింది.

"భట్టూ, తలపాగా తియ్యి" అన్నాడు రాజు. చెయ్యి కత్తి పిడి మీద ఉంది.

భట్టు తీయలేదు. సేనాపతి తీశాడు. ఎడమ చెవి వెనక కందిగింజంత మచ్చ.

"ప్రభూ, నేను మీ అన్నను కాను" అన్నాడు భట్టు. మోకాళ్ళ మీద ఉన్నాడు. "మా నాన్న కాశీ పండితుడూ కాదు. సంతర్పణల్లో వంటవాడు. పులుసు బాగా కాచేవాడు. చెవి వెనక మచ్చ ఎవరికైనా ఉంటుంది ప్రభూ. సున్నం ఎంతమందికి పడదో సింగన్ననే అడగండి."

"చాలామందికి పడదు" అని ఒప్పుకున్నాడు సింగన్న. "కానీ మీ నాన్న వంటవాడేనని మీకెవరు చెప్పారు?"

"మా అమ్మ."

"తాటాకు మీద రాసిచ్చిందా?"

"కన్నతల్లి నోటిమాట చాలదట్రా?"

సింగన్న ఆకును పళ్ళెంలో పెట్టేశాడు. తంబురా సంచి వైపు తిరిగాడు.

"చాలు భట్టుగారూ. ఎలమందను కన్నది పేరమ్మే కదా."

ముందు నవ్వింది పురోహితుడు. తరవాత సేనాపతి. నెల రోజుల్లో మొదటిసారి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. రాజు కత్తి పిడి వదిలి కంకణం తీసి పేరమ్మ చేతికి తొడిగాడు. అది ఆమెకు వదులైంది. ఆమె దాన్ని మోచేతి దాకా నెట్టుకుని, సంచిలోంచి తంబురా బయటికి తీసింది.

"సింగన్నా, నీకేం కావాలి?" అన్నాడు రాజు.

"ఆ మూడు వందల ఆకులు ఇప్పించండి ప్రభూ. వక్కలు పొట్లాలు కట్టుకుంటాను."