కౌశిక్ కట్టిన నలభై వేలు

కౌశిక్ కొత్త క్లబ్బులో చేరాడని విన్నప్పటి నుంచి ఫణికి అన్నం సయించలేదు.

ఇద్దరూ మస్తానయ్య మాస్టారి దగ్గరే బొమ్మ విమానాలు కట్టడం, ఎగరేయడం నేర్చుకున్నారు. మాస్టారి వసారాలో ఒకే నమూనా గీసుకుని ఎనిమిది నెలలు కూర్చుని చెరొకటి చేసుకున్నారు. రెండింటికీ పసుపు రెక్కలే.

"ఎంత కట్టాడంట?" అన్నారు మాస్టారు, కోత కోసిన వేరుశనగ చేలో రాళ్లు ఏరుతూ. విమానం దిగడానికి అదే వాళ్ల నేల.

"చేరడానికే నలభై వేలండి. నెలనెలా పదిహేనొందలు. తారు రన్‌వే, రేకుల షెడ్డు, బ్యాటరీలు చార్జింగు పెట్టుకోడానికి బల్లలు, ఫ్యాన్లు కూడా ఉన్నాయంట."

"మరి మన చేనుకి?"

"ఏడాదికి రెండు వేలు. దానికి తగ్గట్టే ఉంది," అన్నాడు ఫణి ముఖం తిప్పుకుని. "వాడి చెయ్యి నాకంటే గొప్పదేం కాదు మాస్టారూ. స్థలం అలాంటిది."

మాస్టారు చేతిలోని రాళ్లు గట్టున పోశారు. "ఆదివారం పోయి చూసొద్దాం. నీ విమానం కూడా తెచ్చుకో."

ఆదివారం పొద్దున కౌశిక్ గేటు దాకా ఎదురొచ్చాడు. మాస్టారి కాళ్లకు దణ్ణం పెట్టి, ఫణితో అన్నాడు: "రారా. ఇక్కడ రాళ్లేరే పని లేదులే."

ఫణి నవ్వాననుకున్నాడు.

మాస్టారు ఫణి విమానాన్ని కళ్లకద్దుకుని రన్‌వే మీద పెట్టారు. అది లేచింది. దాని వెనకే కౌశిక్‌దీ లేచింది.

ఎంత తీరుగా తిరుగుతోందో కౌశిక్‌ది! ఫణి చేతిలో రిమోట్ ఉంది గానీ, చూపంతా దాని వెంటే పోయింది. అంత ఎత్తున పసుపు రెక్క పసుపు రెక్కలాగే ఉంటుంది. చూస్తూ చూస్తూ అదే తనదనుకున్నాడు.

ఎడమకి తిప్పాడు. అది కుడికి పోయింది. దించబోయాడు. అది ఇంకా పైకి లేచింది.

ఫణి కేకేశాడు. "మాస్టారూ, మాట వినడం లేదు. సిగ్నల్ పోయినట్టుంది. ఎనిమిది నెలలు..."

మస్తానయ్య మాస్టారు దగ్గరకొచ్చారు. పసివాడికి అన్నం పెట్టేటప్పుడు తిప్పినట్టు, రెండు చేతులతో అతని ముఖం పట్టుకుని ఎడమ వైపుకి తిప్పారు.

అక్కడ, సర్కారు తుమ్మచెట్ల మీదుగా, అతని విమానం కిందికి దిగిపోతోంది. ఎడమకి అంటే ఎడమకి, కిందికి అంటే కిందికి.

ఫణి వేళ్లు రిమోట్ పుల్లని వెనక్కి లాగాయి. తుమ్మకొమ్మలకు బెత్తెడు ఎత్తున అది ముక్కు పైకెత్తింది.

ఈసారి దాని మీంచి చూపు తిప్పకుండా నేలకు దించాడు.

మాస్టారు అతని చేతిలోంచి రిమోట్ తీసుకుని, మెల్లగా అన్నారు:

"ఇంతసేపూ అది నీ మాటే వింటోంది నాయనా."