వీపు దిగని నేరేడు

నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. పిల్లల్ని కూర్చోబెట్టుకుని నోటితో చెప్పడం అలవాటే గానీ, కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి. పక్కన మీ అమ్మానాన్నలు ఉంటే వాళ్లను కూడా వినమనండి.

నల్లమల అడవిలో వెదురుకోన అని ఒక చోటు ఉంది. అక్కడ దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు, ముళ్లపందులు, ఎలుగుబంట్లు ఉండేవి. గుంపుగా వేటాడే రేచుకుక్కలు కూడా అప్పుడప్పుడు వచ్చిపోతుండేవి.

ఆ కోనలో కంబళమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దాని ఒంటి నిండా కంబళి కప్పినట్టు నల్లటి జుట్టు. అందుకే ఆ పేరు. దానికి ఒక్కతే కూతురు. నేరేడు పండులా నిగనిగలాడుతుందని నేరేడు అని పిలుచుకునేది.

ఎలుగుబంట్లకు ఒక అలవాటు ఉంది. పిల్ల గుహ దాటి బయటికి వచ్చిన రోజు నుంచీ తల్లి దాన్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. పిల్ల తల్లి భుజాల మీది పొడుగాటి వెంట్రుకలు పట్టుకుని, ముఖం అందులో దాచుకుని పడుకుంటుంది. అది కాస్త బరువెక్కగానే తల్లే దించేస్తుంది. "ఇక నడువమ్మా" అంటుంది.

కంబళమ్మ మాత్రం దించలేదు.

నేరేడు ఈడు పిల్లలంతా దిగి నడుస్తున్నారు. పుట్టలు తవ్వుతున్నారు, చెట్లు ఎక్కుతున్నారు. నేరేడు కాళ్లు తల్లి పొట్ట దాకా వేలాడుతున్నాయి. అయినా వీపు మీదే ఉంది.

"నా బిడ్డ కాలికి ఇంతవరకు మట్టి అంటలేదు, తెలుసా?" అని కంబళమ్మ వాగు దగ్గర అందరితో గొప్పగా చెప్పుకునేది.

ఆ గొప్ప వెనకాల ఒక భయం ఉంది. దాన్ని అది ఎవరికీ చెప్పలేదు. నేరేడు కంటే ముందు దానికి ఇంకో బిడ్డ ఉండేది. ఆ బిడ్డను అది అందరిలాగే వేళకు దించింది. రేగుపళ్ల కోసం పొద చాటుకు వెళ్లిన ఆ బిడ్డ రేచుకుక్కల పాలైంది. కంబళమ్మ పరుగెత్తుకు వెళ్లేసరికి పొద దగ్గర రాలిన పళ్లు తప్ప ఏమీ లేవు. నేరేడు పుట్టినప్పుడే అది మనసులో ఒట్టు పెట్టుకుంది, ఈ బిడ్డను నేల మీద దించనని.

ఒకనాటి సాయంత్రం వాగు ఒడ్డున సూదమ్మ అనే ముళ్లపంది తన పిల్లలతో కనిపించింది. పిల్లల పేర్లు చీపురు, పుల్ల. ఇద్దరూ దుంపల కోసం నేల తవ్వుతూ బురదలో పొర్లుతున్నారు.

"అదేంటి వదినా, వాళ్లట్లా పడుతూ లేస్తూ ఉంటే చూస్తూ కూర్చున్నావు? ఏదైనా గుచ్చుకోదూ?" అంది కంబళమ్మ.

"మా వాళ్లే అందరికీ గుచ్చుతారు వదినా" అని సూదమ్మ నవ్వింది.

"నవ్వులాట కాదు. దెబ్బ తగిలితే?"

"తగిలితే నా దగ్గరికే వస్తారు. ఎట్లా తగిలిందో చెప్తారు. రెండోసారి ఆ చోట జాగ్రత్తగా ఉంటారు. నేను ఇక్కడే ఉన్నాను కదా, నా చూపు వాళ్ల మీదే ఉంది."

చీపురు బురద ముఖం పైకెత్తి నేరేడును చూసింది. "నేరేడూ, నువ్వు పిల్లవా, మూటవా?" అని అడిగింది.

"నోరు ముయ్యవే!" అని సూదమ్మ కసిరింది. కానీ ఆ మాట నేరేడుకు ముల్లులా దిగింది.

మర్నాడు మధ్యాహ్నం కంబళమ్మ బండ నీడలో కునుకు తీస్తుంటే నేరేడు మెల్లగా జారి నేల మీదికి దిగింది. నేల వెచ్చగా ఉంది. ఎండుటాకులు కాళ్ల కింద చప్పుడు చేశాయి. బండ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మళ్లీ వీపు ఎక్కింది. దాని గుండె దడదడలాడింది. అయినా ఎంత సంతోషమో!

సాయంత్రం ఉండబట్టలేక తల్లికి చెప్పేసింది.

"అమ్మా! నేనివాళ కిందికి దిగాను. ఒక పుట్ట చూశాను. నా గోళ్లతో గీకితే లోపల చెదలు..."

కంబళమ్మ ఆ మాట పూర్తి కానివ్వలేదు. అడవంతా వినపడేలా అరిచింది. "ఎవరిని అడిగి దిగావే? నీకేమైనా అయితే నేనేమైపోవాలి? తవ్వి పెట్టడానికి నేను లేనా? ఆ బురద పిల్లలు నేర్పారా ఈ బుద్ధులు?"

నేరేడు తల వంచుకుంది. పుట్ట గురించి మళ్లీ ఎత్తలేదు.

కానీ దిగడం మానలేదు. ప్రతి మధ్యాహ్నం ఇంకాస్త దూరం వెళ్లేది. సూదమ్మ బొరియ దాకా వెళ్లి చీపురుతో, పుల్లతో ఆడుకునేది. తిరిగొచ్చేముందు కాళ్లకున్న మట్టి నాకి శుభ్రం చేసుకునేది. "నిద్రపట్టిందా తల్లీ?" అని కంబళమ్మ అడిగితే "ఊఁ" అనేది. కొన్నాళ్లకు ఆ "ఊఁ" కూడా తగ్గిపోయింది.

కంబళమ్మ మురిసిపోయింది. సూదమ్మ ఎదురుపడినప్పుడు ఆగి మరీ చెప్పింది. "చూశావా వదినా నా బిడ్డను? ఒక్క మాట మీరదు. కిక్కురుమనదు. పెంపకమంటే ఇట్లా ఉండాలి."

సూదమ్మ నేరేడు ముఖంలోకి చూసింది. నేరేడు బొరియకు వస్తుంటే, తల్లికి చెప్పే వస్తోందని అది ఇన్నాళ్లూ అనుకుంది. ఆ మాట పైకి అంటే ఇప్పుడే, ఇక్కడే బిడ్డకు తిట్లు తప్పవని దానికి అర్థమైంది.

"ఏమనుకోకు వదినా. మాట్లాడని పిల్లలంతా బుద్ధిమంతులని అనుకోకు. ఒక్కోసారి వాళ్లు మనకు చెప్పడం మానేస్తారు, అంతే" అంది.

కంబళమ్మకు కోపం ముక్కు మీదికొచ్చింది. "నీ పిల్లల సంగతి నువ్వు చూసుకో. నాకు నేర్పాల్సిన పని లేదు" అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత సూదమ్మతో మాటలు మానేసింది.

ఎండాకాలం వచ్చింది. కోనకు అవతలి గట్టున ఇప్పపూలు రాలుతున్నాయి. ఆ వాసన గాలిలో తేలివస్తుంటే కంబళమ్మకు నోరూరింది. పొద్దున్నే నేరేడును ఎక్కించుకుని బయలుదేరింది. దగ్గర దారి అని ఎర్రరాళ్ల వాలు వైపు మళ్లింది.

వీపు మీద నేరేడు ఉలిక్కిపడింది. దాని పట్టు బిగిసింది.

"అమ్మా..."

"ఏంటే?"

నేరేడు నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"ఏం లేదమ్మా."

కంబళమ్మ వాలు మీద అడుగు పెట్టింది. ఒళ్లు బరువు, వీపు మీద ఎదిగిన బిడ్డ బరువు. కాలి కింద రాయి కదిలింది. దాని పక్క రాయి కదిలింది. చూస్తుండగానే వాలంతా జారింది. నేరేడు ఎగిరి పొదలో పడింది. కంబళమ్మ దొర్లుకుంటూ అడుగుకు పోయింది. ఒక పెద్ద బండ దొర్లివచ్చి దాని కుడి ముంగాలి మీద పడింది.

దుమ్ము అణిగాక నేరేడు ఏడుస్తూ తల్లి దగ్గరికి దిగి వచ్చింది. బండను తోసింది. అది కదల్లేదు. కంబళమ్మ కాలు లాక్కోబోయి నొప్పితో మూలిగింది. ఎండ ఎక్కుతోంది. దగ్గరలో నీటి చుక్క లేదు.

అప్పుడు దూరంగా, కొండ అవతల రేచుకుక్కల కూత వినిపించింది.

కంబళమ్మ బిడ్డను దగ్గరికి లాక్కుంది. "నా పొట్ట కిందికి రా తల్లీ. నన్ను వదిలి కదలకు" అంది.

"అమ్మా, నేను వెళ్లి సూదమ్మత్తను పిలుచుకొస్తాను. వాళ్లు బండ కింద మట్టి తవ్వేయగలరు."

"నీకు వాళ్ల ఇల్లు ఎట్లా తెలుసు?"

నేరేడు నేల చూపులు చూసింది. "తెలుసమ్మా. రోజూ వెళ్తాను."

కంబళమ్మకు తిట్టాలని నోటిదాకా వచ్చింది. బిడ్డ కాళ్ల వైపు చూసింది. అవి తల్లి అనుకున్నంత మెత్తగా లేవు. గోళ్లు కాస్త అరిగి ఉన్నాయి. తన వీపు మీద ఉండాల్సిన బిడ్డ, తనకు తెలియకుండానే ఎంతో దూరం నడిచి వచ్చింది.

రేచుకుక్కలు మళ్లీ కూశాయి. రేగుపళ్లు రాలిన ఆ పొద కంబళమ్మ కళ్ల ముందు మెదిలింది. బిడ్డను పంపితే ఏమవుతుందో తెలియదు. పంపకపోతే ఇద్దరూ ఇక్కడే ఉంటారు.

చివరికి అది అడిగింది. "ఏ దారిన వెళ్తావు?"

"కూత పడమటి నుంచి వస్తోంది. గాలీ అటు నుంచే వీస్తోంది. నేను వెదుళ్ల మధ్య నుంచి, గాలి పోయే వైపే పోతాను. అట్లా అయితే నా వాసన వాటికి తగలదు. పుల్ల నేర్పింది."

కంబళమ్మ బిడ్డ మీది పట్టు వదిలింది. "వెళ్లిరా తల్లీ" అంది. ఆ రెండు మాటలు అనడానికి దానికి ప్రాణం పోయినంత పనైంది.

నేరేడు వెళ్లిపోయింది. కంబళమ్మ చెవులు రిక్కించి పడుకుంది. ఆకు కదిలితే ఉలిక్కిపడింది. నీడ తిరిగింది. ఎండ వాలేసరికి రేచుకుక్కల కూత దూరమైపోయింది. ఇంత కష్టమైన ఎదురుచూపు అది ఎన్నడూ ఎరగదు. బండ కింద కాలు నొప్పి కూడా దాని ముందు తక్కువే.

పొద్దు గుంకే వేళకు వెదుళ్లు గలగలమన్నాయి. ముందు నేరేడు, వెనక సూదమ్మ, చీపురు, పుల్ల.

కంబళమ్మ సిగ్గుతో ముఖం తిప్పుకుంది. సూదమ్మ ఒక్క దెప్పుమాట అనలేదు. "ముందు తవ్వండర్రా" అంది.

నలుగురూ తవ్వారు. నేరేడు గోరు ఒకటి విరిగి రక్తం కారింది. అయినా ఆపలేదు. మట్టి తగ్గి బండ ఒరిగింది. కాలు బయటికి వచ్చింది. కానీ నలిగిపోయింది. ఇక ఆ కాలితో పుట్టలు తవ్వడం కుదరదని చూడగానే తెలిసిపోయింది.

వాగు ఒడ్డున నీళ్లు తాగాక కంబళమ్మ కూతుర్ని అడిగింది. "పొద్దున వాలు వైపు మళ్లినప్పుడు ఏదో చెప్పబోయి ఆగావు. ఏమిటది?"

నేరేడు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ రాళ్లు కదులుతాయమ్మా. ఒకరోజు నేను అక్కడ జారిపడ్డాను."

"మరి చెప్పలేదేమే?"

"చెబితే నేను దిగానని తెలిసిపోతుంది. చెప్పినప్పుడు తిట్టావు. చెప్పనప్పుడు మెచ్చుకున్నావు. అందుకని..."

కంబళమ్మ నలిగిన కాలి వైపు చూసుకుంది. దీన్ని బండ ఒక్కటే నలిపిందా, తన అరుపు కూడా నలిపిందా అనుకుంది. సూదమ్మ మెల్లగా పిల్లల్ని పిలుచుకుని వెళ్లిపోయింది. చీపురు, పుల్ల తల్లికి ముందు నడుస్తూ దారి చూపుతున్నారు.

మర్నాడు తెల్లవారింది. అలవాటు చొప్పున నేరేడు వచ్చి తల్లి పక్కన నిలబడింది, ఎక్కించుకుంటుందేమోనని. కంబళమ్మ వీపు వంచలేదు. కుంటుకుంటూ ముందు నడిచి ఒక పుట్ట దగ్గర ఆగింది.

"తవ్వు తల్లీ" అంది.

నేరేడు తవ్వింది. చెదల మీది మట్టి ఊదబోయి ముక్కులోకి పీల్చుకుని గట్టిగా తుమ్మింది. కంబళమ్మకు వెంటనే లేచి తానే ఊదాలనిపించింది. కానీ మంచి కాలిని పొట్ట కింద పెట్టుకుని అక్కడే కూర్చుంది. చూపు మాత్రం బిడ్డ మీదే ఉంచింది.

"ఆనాడు నువ్వు ఒక పుట్ట చూశానన్నావు. నేను విననే లేదు. ఇప్పుడు చెప్పు" అంది.

నేరేడు తవ్వడం ఆపి తల్లి ముఖం చూసింది. నిజంగానే అడుగుతోందా అని కాసేపు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. అది జారిపడిన చోట్లు, భయపడిన చోట్లు అన్నీ చెబుతుంటే, కంబళమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అరవకుండా చివరిదాకా విన్నది.

నీతి: దించాల్సిన వయసు వచ్చినప్పుడు పిల్లల్ని దించాలి, దించాక కనిపెట్టి ఉండాలి, నిజం చెప్పిన నోటిని కసిరితే, ఆపద వచ్చిన రోజు కూడా ఆ నోరు తెరుచుకోదు.