పద్దెనిమిది అరచేతుల అద్దం

సమానంగా పంచుకోవడం తెలిసిన ఇల్లు భూమ్మీద తమదొక్కటేనని సన్యాసయ్యకి మహా గర్వం. ఇంట్లో తొమ్మిది మంది. అప్పడం వేయించారంటే తొమ్మిది ముక్కలు కోసి, ముక్కముక్కా కొలిచి, నోట్లో పెట్టుకునేసరికి వారం తిరిగేది. "తెలివంటే మనదేరా!" అనుకునేవాళ్ళు.

ఈ కీర్తి కొండ మీద దుర్భిణి కట్టిస్తున్న ఇంజినీరు పతంజలి గారి దాకా పాకింది. ఆ దుర్భిణి అద్దం ఇంటికప్పంత వెడల్పు, అప్పడమంత పల్చన.

"ఇనప ఊత తెచ్చేదాకా దీన్ని పద్దెనిమిది చోట్ల పట్టుకోవాలి. అన్నిచోట్లా బరువు సమానంగా పడాలి. ఎక్కువ తక్కువలైతే అద్దం వంగి, చుక్కలు వంకాయల్లా కనబడతాయి. సరిగ్గా పట్టుకుంటే సన్యాసయ్యా, ఇక్కడ కాపలా ఉద్యోగం నీదే!" అన్నారాయన, తొమ్మిది మందినీ కొండ మీదకి పిలిపించి.

తొమ్మిది మందికి పద్దెనిమిది చేతులు! ఇంకేముంది, అందరూ కిందకి దూరి అద్దం ఎత్తారు. ఆయన ఊత కోసం వెళ్ళారు.

"అన్నయ్యా, నువ్వు తాడిచెట్టులా ఉన్నావు. బరువంతా నువ్వే నొక్కేస్తున్నావు" అన్నాడు తమ్ముడు గవర్రాజు.

ఉద్యోగం పోతుందని సన్యాసయ్యకి భయం పట్టుకుంది. గచ్చు వెయ్యని మట్టినేల కదా, కాళ్ళతో గొయ్యి తవ్వి దిగాడు. జానెడు ఎక్కువ దిగాడు. అంతే, మిగతావాళ్ళూ తవ్వారు. వాళ్ళు రెండు జానలు ఎక్కువ దిగారు. ఇతను మళ్ళీ తవ్వాడు. చివరికి అందరూ పాతాళం గడప తొక్కి, మెడలోతున నిలబడ్డారు.

"ఒరే పెద్దోడా, ముక్కు మీద ఈగరా!" అంది తల్లి బంగారమ్మ.

"నువ్వొక్కదానివే చెయ్యి తీస్తే ఎలాగే? అందరం తీద్దాం."

తొమ్మిది కుడిచేతులు దిగాయి. ఈగ వాలని ముక్కుల్ని కూడా శ్రద్ధగా గోక్కున్నారు.

"బాగుందయ్యా! కుడిచేతికి విశ్రాంతి, ఎడంచేతికి చాకిరీనా? ఇదెక్కడి న్యాయం?" అని నిలదీసింది పెళ్ళాం పైడమ్మ.

"నిజమేనే. ఎడంచేతులూ దించండి!"

ఇంకేముంది! అద్దం తొమ్మిది బుర్రల మీదా ఒకేసారి పడి భళ్ళున పగిలింది. ఎవరికీ బొప్పి తక్కువ కట్టలేదు.

సన్యాసయ్య పైకొచ్చి చూసి లబోదిబోమన్నాడు. "కొంప మునిగిందర్రా! ఒక ముక్క తలుపంత, ఒకటి తమలపాకంత! ఎక్కువ తక్కువలు కనబడితే సారు ఊరుకుంటారా? ఉద్యోగం గోవిందా! కానివ్వండి, తొందరగా!"

అంతే, తలో రాయీ తీసుకున్నారు.

పతంజలి గారు ఊతతో వచ్చేసరికి పద్దెనిమిది కుప్పలు వరసగా ఉన్నాయి, మెత్తగా, బొంబాయి రవ్వలా.

"తూచి చూసుకోండి సారూ" అన్నాడు సన్యాసయ్య, చెమట తుడుచుకుంటూ. "చిటికెడు తేడా ఉంటే అడగండి. ఒక్క రవ్వా వంగలేదు. మరి గేటు తాళాలు ఇప్పిస్తారా?"