మీటింగులో మధ్య కుర్చీ

ఫణీంద్రకు వైద్యమూ వచ్చు, కంప్యూటరూ వచ్చు. అందుకే ఆసుపత్రివాళ్లు పరిశోధన బృందాన్ని అతని చేతిలో పెట్టారు. ఐసీయూలో రోగి పరిస్థితి విషమించబోతుంటే కంప్యూటర్ ముందుగా హెచ్చరించాలి. అదీ పని. అదేమో అంతా విషమించాక తీరిగ్గా హెచ్చరిస్తోంది. సోమవారం పరీక్షలోనూ ఇంతే అయితే ప్రాజెక్టు మూసేస్తామని పైవాళ్లు చెప్పేశారు.

ఫణీంద్ర తన గురువు ప్రొఫెసర్ వేదాద్రి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాడు.

"డాక్టర్లు చెప్పేది ప్రోగ్రామర్లకు ఎక్కదు సార్. వీళ్లు చెప్పేది డాక్టర్లకు ఎక్కదు. ప్రతి మాటా నేనే విడమర్చి చెప్పాలి. నేను లేకపోతే అక్కడ ఒక్క అడుగు పడదు."

ఆ చివరి మాటలో కష్టం కంటే గర్వమే ఎక్కువ వినిపించింది.

"రేపు మీ మీటింగుకు వస్తాను," అన్నారు వేదాద్రి.

వచ్చి ఓ మూల కూర్చున్నారు. బల్లకు ఒక వైపు డాక్టర్ నస్రీన్, ఎదురుగా ప్రోగ్రామ్ రాసిన ఎస్తేరు, మధ్యలో ఫణీంద్ర. నస్రీన్ అతనితో చెబుతుంది, అతను అటు తిరిగి ఎస్తేరుతో చెబుతాడు. పెళ్లి మాటల్లో మధ్యవర్తికి కూడా అంత పని ఉండదు.

కాసేపు చూసి వేదాద్రి అన్నారు, "ఫణీ, కింద క్యాంటీన్‌కి వెళ్లి టీ పట్టుకురావయ్యా. నువ్వే వెళ్లు."

టీమ్ లీడర్ చేత టీ తెప్పించడమా అని ఫణీంద్ర మనసు చివుక్కుమంది. గురువు మాట కాబట్టి లేచాడు.

ట్రేతో తిరిగొచ్చేసరికి గుమ్మం దాకా మాటలు వినిపించాయి.

"బీపీ ఉన్నట్టుండి పడిపోయిన చోటల్లా అది మిషన్ తప్పేమోనని ఆ అంకెలు తీసేశాం మేడమ్," అంటోంది ఎస్తేరు.

"తీసేశారా? అవి చూసే కదమ్మా మేం పరిగెత్తేది."

"ఫణీంద్రగారికి చెప్పాను. చిన్న విషయమేలే అన్నారు."

నిజమే. అడ్డొచ్చే అంకెలు కొన్ని తీసేశామని ఆమె చెప్పింది. ఏవని తను అడగలేదు. డాక్టర్ దాకా ఎందుకులెమ్మని వదిలేశాడు.

ఎస్తేరు కుర్చీ లాక్కుని నస్రీన్ పక్కకు చేరింది. తీసేసిన అంకెలు తిరిగి కలిపి, ఒక పాత రోగి వివరాలతో నడిపి చూశారు. ఈసారి హెచ్చరిక ఎంతో ముందే మోగింది. ఆ వెంటనే ఇంకో రోగి వివరాలు తీశారు. గుమ్మం వైపు ఎవరూ చూడలేదు.

ఫణీంద్రకు సిగ్గేసింది. అంతకు మించిన ఆనందమూ కలిగింది. ఆ ఉత్సాహంలో తన కుర్చీ వైపు నడవబోయాడు.

వేదాద్రి ట్రేలోంచి ఒక కప్పు అందుకున్నారు.

"బాగుందయ్యా. వెళ్లి ఇంకో విడత పట్టుకురా. తొందరేం లేదు."